జోజప్ప మాస్టారు కుట్టిన తెరలు

నిన్న మధ్యాహ్నం వాన పడుతుండగా బజార్లోని కిరాణా కొట్టతను వేరుశనగకాయల బస్తా ఒకటి ఆటోలో పంపించాడు. ఆదివారం పూట గుడికొచ్చే జనంతో అరసవల్లి రోడ్డులో ఆటో కదలడమంటే మాటలు కాదు. అది మా ఇంటికి చేరేసరికి బస్తా సగం తడిసిపోయింది. వరండాలో దించగానే తడి గోనె వాసన ఇల్లంతా పట్టేసింది. కొంచెం నూనె, కొంచెం మట్టి, కొంచెం ఎప్పటిదో ఎండుగడ్డి. మా ఆయన ముక్కు మూసుకుని దాన్ని పెరట్లోకి తోయమన్నారు. నేను తోయలేదు సరికదా, పీట వేసుకుని దాని పక్కనే కూర్చున్నాను. బస్తాలన్నీ ప్లాస్టిక్కువైపోయిన ఈ రోజుల్లో అసలైన గోనె కంటబడటమే తక్కువ. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు జోజప్ప మాస్టారు గుర్తుకొస్తారు. మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. జూట్ మిల్లులో గోనెసంచులు కుట్టి రిటైరైన కార్మికుడు. దాంతోపాటు నలభై ఏళ్ళు ఒక చర్చిలో ఉపదేశిగా ఉన్నారు. దీపం వెలిగించడం, గంట కొట్టడం, ఆదివారం పూజలో గ్రంథం చదవడం, పిల్లలకు జపాలు నేర్పడం ఆయన పని. ఈ రోజు నేను నలుగురి చేత వేదిక మీద నాలుగు మాటలు పలికించగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

ఆ చర్చి నెల్లిమర్లలో, మిల్లుకు కాస్త ఎగువన ఉంది. మిల్లు పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడిన కతోలిక కుటుంబాల కోసం విదేశీ ఫాదర్లు కట్టించారట. అవి మైకులు లేని రోజులు. బలిపీఠం దగ్గర ఒక్కరు పాడితే గుమ్మం దాకా వినిపించాలని, పైకప్పును పడవ బోర్లించినట్టు ఎత్తుగా, నున్నటి సున్నపు గచ్చుతో లేపారు. తర్వాత్తర్వాత ఆ కుటుంబాల పిల్లలు కొందరు విశాఖపట్నం వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళు పెద్దరోడ్డు వైపు ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడే కొత్త చర్చి లేచింది. పాతదాంట్లో చివరి పూజ జరిగిన రోజున ఫాదర్‌గారు మందసంలోని దివ్యప్రసాదాన్ని, దేవుడి సన్నిధిగా భావించే అప్పాన్ని, కొత్త చర్చికి తీసుకెళ్ళారు. బలిపీఠంలో పొదిగిన పవిత్రమైన రాయిని తీయించారు. ఇకమీదట ఇది దేవాలయం కాదని ఒక కాగితం చదివారు. గంట విప్పారు, శిలువ దించారు. శిలువ ఉన్న చోట గోడ మీద తెల్లటి మచ్చ ఒకటి మిగిలింది.

తాళం వేసిన చర్చిని ఏం చెయ్యాలో తెలియక మేత్రాసనం వాళ్ళు, అంటే బిషప్పుగారి కార్యాలయం వాళ్ళు, కూలగొట్టి గోడౌను కడదామనుకుంటున్నారని తెలిసి విజయనగరంలోని ఒక కళాకారుల సంఘం వెళ్ళి అడిగింది. సంఘం కార్యదర్శి శర్మగారు రిటైరైన సంస్కృతం లెక్చరరు. వాళ్ళింట్లో మూడు తరాలుగా వయొలిన్ వాయించనివాళ్ళు లేరు. ఆయన మాటకు గౌరవమిచ్చి మేత్రాసనం ఒక ఏడాది గడువిచ్చింది. ఏడాదిలోగా అది నలుగురికీ పనికొచ్చే కళాకేంద్రమైతే సరే, లేకపోతే గోడౌనే. దాన్ని నడపడానికి సంఘం నన్ను పెట్టుకుంది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. నాటకాల్లో డిగ్రీ చేసి వచ్చిన రైతుబిడ్డను. మా నాన్న నా చదువు సంగతి ఎవరైనా అడిగితే మాట మార్చేసేవాడు. నాకు ముక్కుమీద కోపం, చేతిలో ఒక పెద్ద నోటుబుక్కు, ప్రపంచంలో నాకు తెలియనిది లేదన్న ధైర్యం ఉండేవి.

తాళంచెవులు మాత్రం ఉపదేశి దగ్గరే ఉండాలన్నది మేత్రాసనం షరతు. అది నాకు మొదటి నుంచీ నచ్చలేదు. నేను వెళ్ళిన మొదటి రోజున ఆయన పాత సైకిలు మీద వచ్చారు. డెబ్బై దాటిన సన్నటి మనిషి, మోకాళ్ళ కిందికి పంచె, మెడ దాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కా. తలుపు తీయగానే నేను చరచరా లోపలికి వెళ్ళిపోయి ఎత్తు కొలుచుకుంటూ వేదిక ఎక్కడ, లైట్లు ఎక్కడ అని మాట్లాడేస్తున్నాను. నా మాటలు నాకే రెండుమూడుసార్లు తిరిగి వినిపిస్తున్నాయి గాని, ఖాళీ హాలు కదా అని పట్టించుకోలేదు. వెనక్కి తిరిగితే ఆయన ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నారు. చెప్పులు విడిచి, వాటిని గోడవైపు సర్ది, అప్పుడు లోపలికి వచ్చారు. నా కాళ్ళకేసి చూసుకుని నాలిక కరుచుకున్నాను. నన్ను కూడా విప్పమంటారా అని అడిగాను.

“అక్కర్లేదమ్మా. ఇప్పుడిది గుడి కాదు కదేటి,” అన్నారాయన. “నా కాళ్ళే ఒప్పుకోవు. ఆటికెవులూ కాయితం సదివి ఇనిపించినట్టు లేదు.”

మా ప్రారంభోత్సవానికి తప్పెటగుళ్ళ బృందాన్ని పిలిచాను. పదిహేనుమంది మగవాళ్ళు రొమ్ము మీద రేకు తప్పెట్లు కట్టుకుని, వాటిని వాయిస్తూ, గాల్లోకి గెంతుతూ కథ పాడతారు. మా జిల్లాల్లో ఊరి పండగలకు అది లేకపోతే పండగే కాదు. జనం బాగానే వచ్చారు. ఎవరూ చెప్పకుండానే మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద సర్దుకున్నారు. పాత చర్చికి వచ్చినవాళ్ళ అలవాటు చూసి మిగతావాళ్ళూ అలాగే కూర్చున్నారు. బలిపీఠం ఉండే అరుగే మా వేదిక. మొదటి దరువు పడింది. అది ముగియకుండానే దాని మోత పైకప్పుకు తగిలి తిరిగొచ్చింది. దాని మీద రెండో దరువు, దాని మోత, మూడోది, దాని మోత. రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టయింది. పాటలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. చంటిపిల్లలు గుక్కపట్టారు, ముసలమ్మలు చెవుల మీద కొంగు కప్పుకున్నారు. సగం అయ్యేసరికి హాలు సగం ఖాళీ. బృందం పెద్ద చెమటలు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, పాతికేళ్ళుగా పాడుతున్నాను, నా పాట నాకే అడ్డం తగలడం ఇదే మొదటిసారి అన్నాడు. ఆ తర్వాత వేసిన నాటిక గురించి చెప్పకపోవడమే మంచిది.

నేను ఆ కోపమంతా గోడల మీద చూపించాను. ఈ గోడలకి నోరెక్కువ, ముందు వీటి నోరు మూయించాలి అని అందరూ వినేలా అన్నాను. చాపలు చుడుతున్న జోజప్ప మాస్టారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ చుట్టుకుంటూ పోయారు. ఆ తర్వాత నాలుగు నెలల పాటు నేను చెయ్యని ప్రయత్నం లేదు. షామియానా బట్టలు కట్టించాను, అవి గాలికి ఊగాయి తప్ప మోత తగ్గలేదు. ఒక ఇంజనీరు కింద ఇంకో పైకప్పు వేద్దామన్నాడు. మేకు దించిన చోటల్లా పాత గచ్చు పెచ్చులుగా రాలడంతో ఆయనా చేతులెత్తేశాడు. బృందాలు రావడం మానేశాయి. ఒక రోజు మేత్రాసనం తరఫున ఇద్దరు మనుషులు టేపు పట్టుకొచ్చి స్థలం నాలుగు వైపులా కొలుచుకుని వెళ్ళారు. గోడౌను సంగతి నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే నేను వెళ్ళేసరికి జోజప్ప మాస్టారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మామూలుగా నేను రాగానే లేచి తాళం తీసేవారు. ఆ రోజు లేవలేదు. పక్కన కూర్చోమన్నారు. చాలా ఏళ్ళ కిందట తుఫాను వచ్చినప్పటి సంగతి చెప్పారు. చంపావతి నది పొంగి పల్లపు వీధులు మునిగిపోతే, ఆ ఇళ్ళవాళ్ళూ వాళ్ళ ధాన్యం బస్తాలూ ఈ చర్చిలోకే చేరారట. గోడల వెంట మనిషి ఎత్తుకు మించి బస్తాలు పేర్చారట. ఆ వారం ఆయన మామూలుగానే గ్రంథం తీసి చదవడం మొదలుపెట్టారట.

“నా మాట నా నోటికాడే పడిపోనాదమ్మా. గోడ తిరిగి ఒక్క ముక్క సెప్పలేదు. నా గొంతే పోనాదేటో అనుకున్నాను. బస్తాలు తీసీసినాక మళ్ళీ వొచ్చినాది. గోనె కడితే ఈ మోత పోతాది.”

నేను ఎగిరి గంతెయ్యబోయి ఆగిపోయాను. లెక్క అర్థమవడానికి నాకు కొంచెం సమయం పట్టింది. మీకు ఈ సంగతి మొదటి రోజు నుంచీ తెలుసా అని అడిగాను. తెలుసన్నారు. మరి నాలుగు నెలలు మమ్మల్ని ఇలా తిప్పలు పడనిచ్చారేమిటని నా గొంతు లేచింది.

“సెప్పబుద్ది కాలేదమ్మా. దీపం ఆర్పీసినారు. గంట ఇప్పుకుపోనారు. సిలవ దించీసినారు. ఈ గొంతొక్కటే ఒగ్గీసినారు. దాన్ని నా సేత్తో నొక్కీమంటే నాకు సెయ్యి రాలేదు.” కాసేపు తన అరచేతులు చూసుకున్నారు. “నిన్న టేపట్టుకుని కొలిసినారు కదా. గోడలే లేకపోతే గొంతెక్కడుంటాది మరి?”

ఒళ్ళు మండిపోవాల్సిన మాట అది. మండింది కూడా, అబద్ధం ఎందుకు. కాని ఆ మనిషి నా ముందు తప్పు చేసిన పిల్లాడిలా కూర్చుని ఉంటే నాకు ఏడుపొచ్చింది. ఆ రోజే రైసుమిల్లుల చుట్టూ తిరిగి పాత గోనెలు పోగేయడం మొదలుపెట్టాం. ఆయన తనతో పాటు కుట్టు విభాగంలో పనిచేసి రిటైరైన నలుగురు ఆడవాళ్ళను తీసుకొచ్చారు. వాళ్ళలో పెద్దది పైడమ్మ. మాస్టారింటి పక్క వీధిలోనే ఉంటుంది, అమ్మవారి పండగ తప్ప వేరే పూజ ఎరగదు, జోజప్ప మాస్టారిని మాత్రం తోడబుట్టినవాడి కంటే ఎక్కువగా తిడుతుంది. ఆ అయిదుగురూ కలిసి గోనెలు విప్పి, ఉతికి, నిప్పంటుకోకుండా పటిక నీళ్ళలో ముంచి, ఎండబెట్టి, హాలు మధ్యలో బారుగా కూర్చుని దబ్బనాలతో పురికొస పెట్టి కుట్టేవారు. హాలంతా ఆ నూనె వాసన. నేనూ ఒక దబ్బనం పట్టుకుని మొదటి రోజే బొటనవేలు పొడుచుకున్నాను. నేను గజం మేర కుట్టిన ముక్కను మాస్టారు ఒకసారి చూసి, మారుమాట లేకుండా మొత్తం విప్పేసి, మళ్ళీ నా ఒళ్ళోనే పెట్టారు. రెండోసారీ విప్పారు. మూడోసారి ఉంచారు.

మొదటి తెర కట్టినప్పుడు మాకు పెద్ద దెబ్బే తగిలింది. గోడకు అంటి ఉండేలా చదునుగా కట్టాం. మోత రవ్వంత కూడా తగ్గలేదు. అందరి మొహాలూ మాడిపోయాయి. పైడమ్మ లేచి వెళ్ళి దాన్ని చేత్తో తట్టి చూసింది.

“ఓ జోజన్నా, ఇది తెరనుకున్నావా, గోడకంటించీ కాయితవనుకున్నావా? ఆ దినం బస్తాలు ఇలగే అతుక్కుని ఉన్నాయేటి? పరికిణీకి పోసినట్టు కుచ్చిళ్ళు పొయ్యి.”

అప్పుడు మాస్టారికి వెలిగింది. బస్తాలు బొద్దుగా, గోడకు ఎడంగా, సందులు సందులుగా ఉండేవి. అంతే, గోనె రెండు పొరలు చేసి, కుచ్చిళ్ళు పోసి, గోడకు జానెడు దూరంలో తీగ మీద రింగులకు వేలాడదీశాం. ఈసారి మోత తగ్గింది. ఇరవై రెండు తెరలు కావాలని తేలింది. ఒక్కో తెర కట్టగానే జోజప్ప మాస్టారు అరుగెక్కి ఒక్కసారి చప్పట్లు కొట్టి, తల పక్కకు వంచి వినేవారు. మొదట్లో ఆ చప్పుడు హాలంతా చుట్టి వచ్చి ఆగేది. తెర తర్వాత తెర పడేకొద్దీ అది పొట్టిదైపోతూ వచ్చింది. నాకు ప్రతిసారీ సంబరమే. ఆయన దిగి వచ్చి మళ్ళీ దబ్బనం అందుకునేవారు. తనకు ప్రాణంతో సమానమైనదాన్ని ఆ మనిషి రోజుకింత చొప్పున చంపుకుంటున్నాడని నాకు తెలుసు, ఆయనే చెప్పారు కదా. తెలిసి కూడా పనిలో పడి మరిచిపోయాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఆఖరి తెర బలిపీఠం వెనక గోడది. అది కుట్టడం అయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచి, “ఆ ఒక్కటీ కట్టీ ముందు నాకో కబురెట్టమ్మా. పది నిమిషాలు పనున్నాది,” అన్నారు. అలాగేనన్నాను. మర్నాడు ప్రదర్శన. అవే తప్పెటగుళ్ళు, మేత్రాసనం పెద్దలు చూడటానికి వస్తున్నారు, తేలేది అప్పుడే. తీగ బిగించే వడ్రంగి మధ్యాహ్నం మూడింటికల్లా వేరే పని ఉందని తొందరపడుతున్నాడు. మాస్టారు భోజనానికి ఇంటికెళ్ళారు. ఆయన ఇల్లు సైకిలు మీద అయిదు నిమిషాల దూరం. కబురు సంగతి మరిచిపోయానని చెప్పుకుంటే బాగుండేది. మరిచిపోలేదు. ఎండలో ముసలాయన్ని పరుగులు పెట్టించడమెందుకు, పది నిమిషాల పని తర్వాతైనా చేసుకోవచ్చు కదా అనుకున్నాను. ఆ పని ఏమిటో అడగాలని కూడా నాకు తోచలేదు. కట్టెయ్యమన్నాను. నాలుగింటికి ఆయన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. చెప్పులు విడిచి, అరుగెక్కి, ఎప్పటిలాగే ఒక్కసారి చప్పట్లు కొట్టారు. చప్పుడు ఆయన చేతుల్లోనే ఆగిపోయింది.

“బాగా కుదిరినాది,” అన్నారు. కింద పడి ఉన్న పురికొస ముక్కలు ఏరుకుని జేబులో వేసుకున్నారు.

ప్రదర్శన ఎలా జరిగిందో ఇప్పటికీ నెల్లిమర్లలో చెప్పుకుంటారు. దరువుకు దరువు విడివిడిగా వినిపించింది. పాటలో మాట మాటకీ జనం నవ్వారు, ఒకచోట ఏడ్చారు. మేత్రాసనం నుంచి వచ్చిన ఫాదర్‌గారు చాప మీద కూర్చుని తొడ మీద తాళం వేశారు. గడువు మాట ఆ పూటతో పోయింది, పదేళ్ళకు కాగితం రాసిస్తామన్నారు. శర్మగారు నన్ను అందరి ముందూ పొగిడారు. నేను గాల్లో తేలుతూ గేటు దాకా వస్తే పైడమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“నువ్వు మంచి పిల్లవే గానీ, ఒక పని సేసినావమ్మా. ఆ మనిసి ఆఖరు తెర పడకముందు గుడి గొంతు ఒక్క పాలి ఇనుకుందావనుకున్నాడు. నెల్లాళ్ళై నాతో అదే మాట. నిన్న నువ్వు కట్టించీసినావు.”

ఆ ఒక్కమాటతో నేల మీద పడ్డాను. తెల్లారగానే ఆయన ఇంటికి పరుగెత్తాను. క్షమించమన్నాను, తెరలన్నీ ఇవాళే దించేస్తానన్నాను. ఆయన నవ్వారు. నిన్న కట్టి ఇవాళ విప్పేస్తే లోకం నవ్వదా అన్నారు. పనిలో ఉన్నవాళ్ళకు అలాగే అవుతుంది, ఒగ్గెయ్ అన్నారు. కాఫీ తాగి వెళ్ళమన్నారు. తిట్టి ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు. నేను మళ్ళీ అడగాలనుకుంటూనే ఒకదాని తర్వాత ఒకటి ప్రదర్శనల్లో పడిపోయాను. తెరలు దించి మళ్ళీ కట్టడమంటే రెండు రోజుల పని, హాలు రెండు రోజులు ఖాళీగా ఉన్నదెప్పుడు గనక? అలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఆ తొమ్మిదేళ్ళూ ఆయన రోజూ వచ్చారు. తాళం తీసేవారు, చిరిగిన చోట తెరలు కుట్టేవారు, రిహార్సల్సు చూసేవారు. నేర్పిస్తున్నానన్న భావన లేకుండా నేర్పించేవారు. ఒకసారి శ్రీకాకుళం దగ్గరి గార వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి వేదిక మీద ‘సెప్పు, సూడు’ అంటుంటే, అది పల్లెటూరి కథే అయినా, నేను పదే పదే ఆపి దిద్దుతున్నాను. ఆ పిల్ల మొహం ఎర్రబడిపోయి గొంతు పూర్తిగా పోయింది. మాస్టారు చూస్తూ తెర కుట్టుకుంటున్నారు. అందరూ వెళ్ళాక, గ్రంథం ముందు నిలబడితే నాదీ పుస్తకం తెలుగే, అరుగు దిగితే ఈ తెలుగే, దేవుడు రెండిట్లోనూ నన్ను పోల్చుకున్నాడు, నువ్వు ఒకదాంట్లోనే పోల్చుకుంటావా అని అడిగారు. మర్నాడు ఆ పిల్లను తన మాటతోనే పలకమన్నాను. ఆమె ఇప్పుడు మా కేంద్రంలో అందరికంటే మంచి నటి. నేను నాటకంలో మనుషుల మాట వినడం మొదలుపెట్టింది ఆ రోజు నుంచే.

తర్వాత ఆయనకు ఆయాసం మొదలైంది. విజయనగరంలో డాక్టరుకు చూపిస్తే గుండె పెరిగిందన్నారు. సైకిలు మానేశారు, తర్వాత నడక మానేశారు. వారం రోజులు ఆయన హాలుకు రాకపోయాక పైడమ్మ వచ్చి, ఇక రాలేడమ్మా అని చెప్పింది. ఆ నెలలో రెండు ప్రదర్శనలు ఉన్నాయి. రెండిటినీ వాయిదా వేశాను. శర్మగారికి కారణం చెబితే ఆయన ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. పన్నెండుమందిమి ఒక రోజంతా కష్టపడి ఇరవై రెండు తెరలూ దించి బయట మడతపెట్టాం. మర్నాడు ఉదయం జోజప్ప మాస్టారిని ఆటోలో తీసుకొచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు లోపలికి మోసుకొచ్చారు. గుమ్మం దగ్గర ఆపించి ఆయనే వంగి చెప్పులు తీసుకోబోతే పైడమ్మ తీసింది. బోసి గోడలను ఆయన చాలాసేపు చూశారు. నేను అరుగు మీద ఆయన పాత గ్రంథం బల్ల వేసి, ఆయన చదివే పుట తెరిచి పెట్టాను. చదవండి మాస్టారూ అన్నాను. నా మాట వెంటనే పైకప్పు ఎక్కి తిరిగొచ్చింది.

“నాను సదవడానికి కాదమ్మా,” అన్నారు. “నువ్వు సదువు. నన్ను అటు కూకోబెట్టండి.”

ఆయన చూపించింది ఎడమవైపు, ఆడవాళ్ళు కూర్చునే చోటు, ఆఖరి స్తంభం పక్కన. కుర్చీ అక్కడికి మార్చారు. అప్పుడు చెప్పారు. ఆయన భార్య మార్తమ్మ నేను వెళ్ళడానికి రెండేళ్ళ ముందే పోయింది. పెళ్ళయిన దగ్గర నుంచి ప్రతి ఆదివారం ఆ స్తంభానికి వీపు ఆనించి కూర్చునేదట. ఇంటికెళ్ళాక ఈయన ఎలా చదివానని అడిగితే, బాగుందనీ బాగాలేదనీ అనేది కాదట. ‘ఇనబడ్డాది’ అని మాత్రం అనేదట. ఈయన ఎప్పుడూ ముందు నిలబడి చదివినవాడే. అక్కడ కూర్చుంటే ఏం వినబడుతుందో ఎన్నడూ ఎరగరు.

“ఆఖరు తెర దినం కూడా నిన్నే సదవమందావనుకున్నాను,” అన్నారు.

అరుగెక్కి చదివాను. నాకు ఆ గ్రంథం అలవాటు లేదు, ఆ మాటల అర్థం సగం తెలియదు. కాని ఒక వాక్యం చదివితే అది నన్ను వదిలి లేచి, పైన తిరిగి, మెల్లగా అటువైపు దిగుతున్నట్టు అనిపించింది. అది దిగేదాకా రెండో వాక్యం మొదలుపెట్టాలనిపించలేదు. అరపుట చదవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆయన కళ్ళు మూసుకుని తలను స్తంభానికి ఆనించారు. పైడమ్మ నోట్లో కొంగు కుక్కుకుని పక్కన నిలబడింది. నేను చదవడం ఆపాక కూడా ఆఖరి మాట కాసేపు హాల్లో ఉండి, అప్పుడు పోయింది.

జోజప్ప మాస్టారు కళ్ళు తెరవలేదు.

“ఇలగ ఇనబడీదన్నమాట దానికి,” అన్నారు.

ఆ తర్వాత పద్దెనిమిదో రోజున ఆయన పోయారు. కొత్త చర్చిలో పూజ జరిగింది, మిల్లు వాళ్ళూ తప్పెటగుళ్ళ వాళ్ళూ అందరూ వచ్చారు. మేము తెరలు ఎప్పుడో మళ్ళీ కట్టేశాం, కట్టక తప్పదు, ఆయనకూ అదే ఇష్టం. నేను పెళ్ళయ్యాక శ్రీకాకుళం వచ్చేశాను గాని వారానికి మూడు రోజులు బస్సెక్కి వెళ్ళి ఆ కేంద్రం నడుపుతూనే ఉన్నాను. ఏ నాటకానికైనా ఆఖరి రిహార్సల్లో నేను వేదిక దగ్గర ఉండను. ఎడమవైపు ఆఖరి స్తంభం దగ్గర చాప మీద కూర్చుంటాను. నాకు పేరు తెలియని ఎవరో ఒకరు రేపు అక్కడ కూర్చుంటారు, ఆ మనిషి కోసమే ఈ పనంతా అని నాకు నేను చెప్పుకుంటాను. నాటకం అయ్యాక పిల్లలు చెమటలు కారుతూ పరుగెత్తుకొచ్చి ఎలా ఉంది మేడమ్ అని అడుగుతారు. దిద్దాల్సినవి ఉంటే దిద్దుతాను. లేకపోతే ఒక్కటే మాట చెబుతాను. వినబడింది అంటాను.